మీ ఊరు ఐదోది

జనవరి 12

అక్కా,

నిన్న ఆదివారం ఉదయం ఆరుగంటలకు, పేపరు ఇళ్లకు చేరే వేళకి, మీ ఊరు ఈ రాష్ట్రంలో ఐదోది అయింది. ఆ స్థానం ఇచ్చింది నేనే. మొదటి పేజీలో పట్టిక, పట్టిక కింద నా పేరు. ఎవరి నోటో వినేలోపు నేనే చెప్పడం మర్యాద అని రాస్తున్నాను. ఫోను చేయవచ్చు. కానీ మన ఫోన్ల సంగతి నీకు తెలుసు. నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, ఆ తర్వాత నెలరోజులు బావ రాయబారం నడపాలి. ఉత్తరంలో అరిచినా వినపడదు.

సంగతి ఇదీ. రాజధాని పెద్దదని అందరికీ తెలుసు. దాని తర్వాత ఎవరన్నది ఎవరూ తేల్చలేదు. నడిమి ఊళ్లు ఏడున్నాయి, ఏడూ రెండో కుర్చీ మీద తువ్వాలు వేసి కూర్చున్నాయి. మా ఎడిటరుగారు ఈ పంచాయితీ నాకు అప్పగించారు. విశేషణాలు వద్దనుకున్నాను. సుందర నగరం, చారిత్రక నగరం అని ఏ ఊరివాళ్లయినా తమ ఊరికి రాసుకోగలరు. అంకెలే తీసుకున్నాను. జనాభా, రైలెక్కేవాళ్లు, కాలేజీ సీట్లు, కోర్టులో పడే కేసులు, కరెంటు వాడకం, ఏడాదిలో ఆ ఊళ్లో జరిగిన కాన్పులు.

ఆఖరిది నా సొంత ఆలోచన. జనాభా లెక్క పాతబడిపోతుంది. కాన్పుల లెక్క ఏ ఏటికాయేడు తాజాగా ఉంటుంది. పైగా ఊరి పేరు పెంచుదామని ఎవరూ పిల్లల్ని కనరు. అబద్ధం ఆడలేని అంకె ఏదన్నా ఉంటే అదేననిపించింది.

మా ఊరు మూడోది. మీ ఊరు రైళ్లలో రెండోది, కరెంటులో మూడోది. ఆ కరెంటులో బావ చుట్టే మోటార్ల వాటా ఉందని ఆయనకు చెప్పు. కాన్పుల్లో మాత్రం ఆరోది. అక్కడే దెబ్బతింది. ఆసుపత్రిలో నీ కాన్పుల వార్డులో ఏడాదిన్నరగా ఒక్క తల్లి కూడా చనిపోలేదని మొన్న రాశావు. దాన్ని పెట్టడానికి పట్టికలో గడి లేదు, లేకపోతే పెట్టేవాణ్ని.

మోకాలు ఎలా ఉంది? నీ మరదలు అడగమంది. పట్టిక చూసి ఆవిడ ఒకటే మాట అంది. "లెక్కలు కూడటం వచ్చు నీకు. ఏం కూడుతున్నావో తెలుసా?" లెక్కల టీచరును చేసుకున్నందుకు ఇంట్లోనే పరీక్ష.

నీ తమ్ముడు

*

జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. పేపరు అంతకంటే ముందే అందింది. మీ బావ షాపులో నలుగురికీ వినపడేలా చదివి, "మా బావమరిది మన ఊరికి నంబరు వేశాడు, బస్సుకు వేసినట్టు" అన్నారు. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన, "ఐదో నంబరు బస్సు ఎక్కడికి పోతుందండీ?" అని అడిగాడట. "ఎక్కడికీ పోదు, డిపోలోనే ఉంటుంది" అని ఈయన జవాబు. రోజంతా అదే పాట.

నవ్వాల్సింది నవ్వాను. ఇప్పుడు అసలు మాట. కాన్పుల్లో మేము ఆరోవాళ్లమా? నేను ఈ వార్డులో చేరిన నాటికి నువ్వు ఇంకా కాలేజీలో ఉన్నావు. మంచాలు సరిపోక ఒక మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టిన రోజులు నాకు తెలుసు. నీ అంకె నాకు నచ్చకపోవడం వేరు. దానివల్ల ఎవరికి ఏం పోతుందో నీకు తెలిసే రాశావని వార్డులో ఒకరిద్దరు అంటున్నారు. నీ అక్కను కాబట్టి నా ఎదురుగా అనరు, నేను తిరగ్గానే అంటారు. నువ్వే చెప్పు. తెలిసే రాశావా?

మోకాలు బాగానే ఉంది. మరదలికి నా మార్కు పదికి పది.

అక్క

*

జనవరి 22

అక్కా,

తెలిసే రాశాను. ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని, ఊళ్లకు వరస కడితే ఎవరికి ఏం పోతుందో తెలియకుండా ఎలా ఉంటుంది? పరువు పోతుంది. ఆరో ఊరి మున్సిపల్ చైర్మన్ ఫోను చేసి మా ఎడిటరుగారిని అరగంట తిట్టాడు. ఏడో ఊరి వర్తకసంఘం వాళ్లు పేపరు మానేస్తామన్నారు. రెండో ఊరివాళ్లు మాత్రం ఏమీ అనలేదు. వాళ్లకు ఒకటో స్థానం కావాలి, అది రాజధానిది, కాబట్టి మౌనంగా బాధపడుతున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఏడు ఊళ్లూ భుజాలు తడుముకుంటున్నాయి. నీ వార్డుకూ ఆ జ్వరం తగిలిందంటే ఆశ్చర్యం లేదు.

అంకె మీద అనుమానం ఉంటే చెప్పు, సరిచూస్తాను. కానీ అది నాది కాదు, ఏ ఊరి కాన్పులు ఆ ఊరి మున్సిపాలిటీ రాసుకున్నవే. ఐదేళ్ల కిందట మీ ఊళ్లో ఇప్పటికంటే మూడోవంతు ఎక్కువ ఉండేవి. తగ్గింది నిజం. ఎందుకు తగ్గాయో నువ్వే చెప్పాలి, కాన్పుల మనిషివి నువ్వు.

అంత బాధగా ఉంటే ఒక ఉపాయం. ఈ రెండు మూడు నెలలు నీ వార్డులో నాలుగు కాన్పులు ఎక్కువ చేయించు. మీ ఊరిని నాలుగోది చేసే పూచీ నాది.

బావకు చెప్పు, ఐదో నంబరు బస్సు డిపోలో ఉన్నా ఇంజను నడుస్తూనే ఉంటుందని.

నీ తమ్ముడు

*

జనవరి 27

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి, నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని. నాలుగు కాన్పులు ఎక్కువ చేయించమన్న మాట ఈ నెలలో వినడం నాకిది రెండోసారి. మొదటిసారి మా సూపరింటెండెంటుగారి గదిలో, తలుపు వేసి చెప్పారు. ఆయనా నీలాగే నవ్వుతూ చెప్పారు. మీరిద్దరూ మాట్లాడుకున్నారా?

తెలిసే రాశానన్నావు కాబట్టి నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నాను. ప్రభుత్వం వేసిన కమిటీ ఈ వైపున్న రెండు ఊళ్లలో, అంటే మీ ఊరూ మా ఊరూ, ఒకదాన్ని ప్రాంతీయ కేంద్రం చేస్తుంది. కేంద్రమైన ఊరికి తల్లీబిడ్డల ఆసుపత్రి కొత్తది వస్తుంది. మిగిలిన ఊళ్లో కాన్పుల వార్డు ఎత్తేస్తారు. పగలు పరీక్షలు చేసి, మందులిచ్చి పంపే గది మిగులుతుంది. ఆ కమిటీ పంపిన కాగితాలకు వెనక జత చేసింది ఏమిటో తెలుసా? నీ పట్టిక. పేపర్లోంచి కత్తిరించి, నకలు తీసి. నీ పేరుతో సహా.

సూపరింటెండెంటుగారు చెప్పింది ఇది. "సిస్టర్, మీరు అనుమానం వచ్చిన ప్రతి తల్లినీ ఆ ఊరికి రాసి పంపేస్తున్నారు. కమిటీ విచారణ అయ్యేదాకా పంపడం ఆపండి. ఇక్కడే కననివ్వండి. అంకె పెరగాలి." మత్తు డాక్టరు మా దగ్గరకు సోమ, బుధ, శుక్రవారాలే వస్తాడు. మిగతా రోజుల్లో కడుపు కోయాల్సి వస్తే కోయడానికి లేదు. అందుకే నేను ముందుగానే పంపేస్తాను. నొప్పులు మొదలయ్యాక తొంభై కిలోమీటర్లు పంపితే దారిలో రైలు గేటు దగ్గరే అయిపోతుంది. ఏడాదిన్నరగా ఒక్క తల్లి పోలేదని నేను గొప్పలు చెప్పుకున్నది ఈ ముందు పంపడం వల్లే.

మా వీధి చివర దర్జీ ఉన్నాడు కదా, బావ చొక్కాలు కుట్టేవాడు. అతని భార్యకు కవలలు. బీపీ ఎక్కువ, కాళ్లు మొద్దుల్లా వాచాయి. ఇంకో వారం పది రోజుల్లో నొప్పులు రావచ్చు. ఏం చేయాలో నాకు తెలుసు. చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

నువ్వు వేళాకోళానికి రాశావని మీ బావ అంటున్నారు. ఆయన ఎప్పుడూ నీ పక్షమే. దీనికి జవాబు తొందరేం లేదు.

అక్క

*

జనవరి 31

అక్కా,

నాకు తెలియదు. మొదట ఆ మాట రాస్తున్నాను. తెలిసే రాశానన్నది పరువు గురించి. కమిటీ ఒకటి ఉందని తెలుసు, అది ఆసుపత్రుల జోలికి పోతుందని తెలియదు, నా పట్టిక వాడుకుందని అసలే తెలియదు. మీ సూపరింటెండెంటుగారి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. గురువారం నీ ఉత్తరం అందగానే కమిటీ కార్యదర్శికి ఫోను చేశాను. జత చేసింది నిజమేనన్నాడు. "మీ పట్టిక చాలా స్పష్టంగా ఉందండీ, మాకు పని తగ్గింది" అని మెచ్చుకున్నాడు కూడా.

శుక్రవారం ఉదయం మా ఊరి పెద్దాసుపత్రికి వెళ్లాను. అంకెలు పుట్టే చోటు చూడకుండా అంకెలు రాశానని అప్పుడు తట్టింది. కాన్పుల వార్డు నిండి, మంచాలు వరండాలోకి వచ్చాయి. వరండా చివర ఒక తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"ఏ ఊరమ్మా?"

మీ ఊరు చెప్పింది.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"నేనెక్కడొచ్చానండీ, ఆ పెద్ద సిస్టరు పంపింది. ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేరు, రానంటే, 'ఇంటికి తాళం వేస్తే ఇల్లు పారిపోదు, నువ్వు పోతే మళ్లీ రావు' అని కసిరింది."

పక్క మంచం ఆవిడ లేచి కూర్చుంది. "కళ్లజోడు నెత్తిన పెట్టుకుని, కళ్లజోడేదని అందరినీ అడుగుతుంది, ఆవిడేనా?"

"ఆవిడే."

"నన్నయితే తిట్టి బండెక్కించి, తలుపు తనే వేసింది. డ్రైవరుని కూడా తిట్టింది."

మా అక్కేనని చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చిన్నప్పుడు మిమ్మల్ని కూడా ఇలాగేనా?" అని అడిగింది రెండో ఆవిడ. అవునన్నాను. "పాపం" అంది.

మంచం మంచానికీ వెళ్లి అడిగాను. నలభై మంది తల్లుల్లో పదిహేడు మంది మీ ఊరివాళ్లు, మీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. వాళ్ల పిల్లలందరూ మా ఊళ్లో పుట్టినట్టు మా మున్సిపాలిటీ రాసుకుంటుంది. నేను ఆ లెక్క తెచ్చి మా ఊరి గొప్ప కింద కలిపాను. అంటే నువ్వు ఒక తల్లిని కాపాడి పంపినప్పుడల్లా మా ఊరు ఒక మెట్టెక్కింది, మీ ఊరు ఒక మెట్టు దిగింది. అబద్ధం ఆడలేని అంకె అనుకున్నాను. అంకె అబద్ధం ఆడలేదు. నేను దాన్ని తప్పు ప్రశ్న అడిగాను.

ఎడిటరుగారికి చెప్పాను. సవరణ వేద్దామన్నారు. ఒక షరతు పెట్టారు. "మీ అక్క వార్డు గురించి నువ్వు రాస్తే అది వార్త అవదు, సిఫారసు అవుతుంది. వివరాలు ఇవ్వు, రాసేది డెస్కు." ఆయన అన్నది సబబే.

దర్జీ భార్య సంగతి ఏం చేశావు?

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 1

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. తొందరేం లేదన్నాను కానీ అంత నిదానమూ వద్దు. కోపం వచ్చిందేమో. రానీ.

దర్జీ భార్యను నిన్న శనివారం పొద్దున మీ ఊరికి పంపాను. బీపీ ఇంకా పెరిగింది, తలనొప్పి అంది, కళ్ల ముందు మెరుపులంది. సోమవారం దాకా మత్తు డాక్టరు రాడు. కాగితం రాసి నేనే సంతకం పెట్టాను. బండి గేటు దాటిన కాసేపటికే సూపరింటెండెంటుగారు పిలిపించారు. సాయంత్రానికి మెమో చేతికిచ్చారు, మౌఖిక ఆదేశాలు ధిక్కరించినందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని. మౌఖిక ఆదేశాలు ఏమిటో మాత్రం అందులో రాయలేదు. ఏమని రాస్తారు? దుర్మార్గుడు.

నీ మీద నాకింకా కోపం ఉంది. కానీ ఆ ఊళ్లో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. దర్జీ కట్టుబట్టలతో వెళ్లాడు. వెళ్లి చూడు. ఎలా ఉందో రాయి, అందంగా అక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయి.

అక్క

*

ఫిబ్రవరి 5

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది ఈపాటికి నీకు అంది ఉంటుంది.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మా ఊరు చేరిన గంటకే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. వెంటనే ఆపరేషన్ చేశారు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది బరువు తక్కువ, గాజుపెట్టెలో ఉంచారు. పెద్దది తల్లి దగ్గరే ఉంది. తల్లి మూడు రోజులు సరిగా మాట్లాడలేదు, నిన్నటి నుంచి మాట్లాడుతోంది. మొదటి మాట మొగుణ్ని తిట్టడం, చొక్కా మాసిందని. డాక్టరమ్మను అడిగాను, ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదని. "ఆ లెక్క నేను వేయను" అంది.

దర్జీ మా ఇంట్లో ఉంటున్నాడు. నా చొక్కా ఇస్తే వేసుకుని, భుజం దగ్గర కుట్టు బాగాలేదని విప్పి మళ్లీ కుట్టాడు. మున్సిపాలిటీ గుమస్తా పిల్లలిద్దరి పేరన పుట్టిన ఊరు మా ఊరని రాశాడట. "మాది ఈ ఊరు కాదండీ" అంటే "పుట్టింది ఇక్కడే కదా" అన్నాడట. "పోనీలెండి, ఏ ఊరైతేనేం, ఉన్నారు" అన్నాడు దర్జీ నాతో.

సవరణ ఎల్లుండి శనివారం వస్తుంది, అదే పేజీలో, అదే సైజులో. ఎడిటరుగారు దాని మీద బాగా పోట్లాడాల్సి వచ్చింది. సర్క్యులేషన్ వాళ్లు లోపలి పేజీలో నాలుగు వాక్యాలు చాలన్నారు. వార్త ఇంకా రానే లేదు, సెలూనుకు ముందే తెలిసిపోయింది. మంగలి నా మెడ మీద కత్తి పెట్టి, "ఏం సార్, ఆడపడుచు ఊరి కోసం మన ఊరిని దించేస్తున్నారట?" అన్నాడు. ఆ స్థితిలో నేనేమీ వాదించలేదు.

ఇప్పుడు నీకు నచ్చని మాట. నీ మరదలు తల్లుల ఇంటి చిరునామాల ప్రకారం కాన్పులు మళ్లీ కూడింది. మీ ఊరు నాలుగోది అవుతుంది. మా ఊరు మూడోదిగానే ఉంటుంది. మధ్య తేడా వెంట్రుకవాసి, కానీ ఉంది. నీకు సంతోషం కలిగించడానికి దాన్ని చెరపలేను.

కమిటీ 24న మీ ఊళ్లోనే బహిరంగ విచారణ పెడుతోంది. నువ్వు మాట్లాడతావా? ఉద్యోగివి, అనుమతి కావాలి. ఇచ్చేది మీ సూపరింటెండెంటుగారే కదా.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 11

తమ్ముడూ,

దర్జీ భార్య కబురు చదివి వార్డులో అందరికీ చెప్పాను. కొత్తగా వచ్చిన సిస్టరు ఏడ్చేసింది. "ఏడుపు ఇంటికెళ్లి ఏడు, ఇక్కడ మంచాలు సర్దు" అన్నాను. నీ వరండా ఆడవాళ్లు చెప్పిందంతా నిజమేనన్నమాట.

సవరణ చూశాం. మీ బావ దాన్ని షాపు గోడకు అంటించారు. "నాలుగో నంబరు" అని పైన సుద్దముక్కతో రాశారు. నేను చెరిపేశాను. నాలుగోది అయితే మాత్రం ఏం? మీ ఊరు మూడోది. ఇద్దరిలో ఒకరినే తీసుకుంటామంటే వెంట్రుకవాసి చాలు. నువ్వు చెరపలేనన్నావు, చెరపమని నేను అడగలేదు. అడుగుతానని ఎందుకనుకున్నావు? అదొక్కటే నాకు కష్టంగా అనిపించింది.

సూపరింటెండెంటుగారి గురించి నేను రాసింది కొట్టేయి. నిన్న ఆయన వార్డుకు వచ్చారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"సంజాయిషీలో ఏం రాస్తారు సిస్టర్?"

"మత్తు డాక్టరు లేడని రాస్తాను సార్."

"అది రాస్తే, మత్తు డాక్టరు లేని వార్డు ఎందుకు, మూసేయమంటారు."

"రాయకపోతే?"

"మీ మీద చర్య తీసుకుంటారు."

"ఎటు రాసినా దెబ్బే కదా సార్. నిజమే రాస్తాను. తర్వాత ఏం రాశానో గుర్తుపెట్టుకునే పని ఉండదు."

ఆయన నవ్వారు. ఈసారి నవ్వు వేరు. "మీరు నన్నొక హంతకుణ్ని చూసినట్టు చూస్తున్నారు, నెల నుంచి" అన్నారు. నేను కాదనలేదు. అప్పుడు చెప్పారు. "ఈ వార్డు పోతే మీరు పంపేవాళ్లే కాదు, పంపక్కర్లేనివాళ్లు కూడా ఆ రోడ్డు మీద తొంభై కిలోమీటర్లు పోవాలి. వాళ్లలో సగం మంది బయలుదేరరు, ఇంట్లోనే కంటారు. ఆ చావులు ఏ ఆసుపత్రి లెక్కలోకీ రావు. మూడు నెలలు కళ్లు మూసుకుంటే ముప్ఫై ఏళ్లు వార్డు ఉంటుందనుకున్నాను. తప్పే. కానీ నాకు ఇంకో దారి కనపడలేదు."

నాకూ కనపడలేదురా. నేను ఒక్కొక్క తల్లినే చూస్తాను, ఎదురుగా ఉన్నదాన్ని. ఆయన రాబోయేవాళ్లను చూశారు. ఎవరం తప్పో ఇప్పటికీ తెలియదు. మళ్లీ అలాంటి తల్లి వస్తే పంపేస్తాను, అది మాత్రం తెలుసు. ఆయనకు అదే చెప్పాను.

నీ వరండా సంగతీ చెప్పాను. నలభైలో పదిహేడని. "అంటే ఆ ఊరి ఆసుపత్రి నిండింది మనవాళ్లతోనా?" అన్నారు. వెళ్లేటప్పుడు, "విచారణలో మాట్లాడతారా?" అని అడిగారు. అనుమతి కాగితం పొద్దున్నే వచ్చింది. మెమో వెనక్కి తీసుకోలేదు. అది వేరే, ఇది వేరే అన్నారు.

నువ్వు రాయడానికి వస్తావు కదా ఆ రోజు? ముందు వరసలో కూర్చో. నేను తడబడితే నా వైపు చూడకు.

అక్క

*

ఫిబ్రవరి 16

అక్కా,

చెరపమంటావని అనుకోవడం నా తప్పు. ఈ పనిలో ఎవరు ఫోను చేసినా ఏదో ఒకటి చెరపమనే చేస్తారు. నిన్నూ ఆ వరసలో నిలబెట్టాను.

రాయడానికి రావడం లేదు. ఆ విచారణ రాయడానికి ఎడిటరుగారు వేరే ఆయన్ని పంపుతున్నారు. నేను సెలవు పెట్టి వస్తున్నాను, మాట్లాడటానికి. పట్టిక తయారుచేసినవాణ్ని నేనే, దాంట్లో ఏం తప్పిందో వాళ్ల ముందు నేనే చెప్పాలి. సవరణ కమిటీకి పంపాను. "అందింది, కానీ పాతదే కాగితాల్లో ఉంది, విచారణలో ఎవరైనా చెబితే నమోదు చేస్తాం" అన్నాడు కార్యదర్శి. పేరు ఇచ్చాను.

ముందే చెబుతున్నాను. మా ఊరు మూడోది, మీ ఊరు నాలుగోది అనే చెబుతాను. ఆ వెంటనే, ఈ వరసకు కాన్పుల వార్డుతో సంబంధం లేదని చెబుతాను. రైలెక్కేవాళ్లనూ కోర్టు కేసులనూ కూడి, ఒక తల్లి ఎక్కడ కనాలో తేల్చడానికి నేను ఆ పట్టిక వేయలేదు. మా ఊరి పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. మీ ఊళ్లో వార్డు ఎత్తేస్తే మిగతావాళ్లకు తన వరండా కూడా చాలదని అందులో ఉంది. మా ఊరిని కేంద్రం చేసినా మీ వార్డు ఉండాలని మా ఊరి మనిషే అంటోంది. ఇది నేను ఊహించలేదు.

ఒకటి అడగాలి. మత్తు డాక్టరు సంగతి విచారణలో చెబుతావా? చెబితే మూసేయడానికి అదే సాకు కావచ్చు. చెప్పకపోతే ఆడవాళ్లు ఎందుకు ఇటు వస్తున్నారో ఎవరికీ అర్థం కాదు. నా సలహా అడగలేదు కాబట్టి ఇవ్వడం లేదు.

సోమవారం సాయంత్రం బస్సుకు వస్తాను. దర్జీ కుటుంబం మూడు రోజులు ముందే వస్తుంది, చిన్నది గాజుపెట్టెలోంచి బయటికొచ్చింది. బావ ముందు మనం పోట్లాడుకోవద్దు, ఆయనకు సంతోషం ఎక్కువైపోతుంది.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 20

తమ్ముడూ,

ఇది నువ్వు బయలుదేరేలోపు అందుతుందనుకుంటున్నాను.

దర్జీవాళ్లు ఈ పొద్దునే దిగారు. పిల్లలిద్దరూ బాగున్నారు. చిన్నది ఏడిస్తే వీధి చివర నుంచి మా ఇంటికి వినిపిస్తోంది. మీ బావ అది విని, "ఇది మూడో ఊరి గొంతు" అన్నారు. దర్జీ భార్య ఎప్పుడూ లేనిది కొడతానన్నట్టు ఆయన మీదికి చేయి ఊపింది.

మత్తు డాక్టరు సంగతి చెబుతాను. రాత్రంతా ఆలోచించలేదు, నీ ఉత్తరం చదువుతూనే అనుకున్నాను. వారానికి మూడు రోజులే వస్తాడని, అందుకే పంపుతున్నానని, ఏడు రోజులూ ఉంటే పంపేదాన్ని కాదని. సాకు వెతికేవాళ్లకు అది సాకే అవుతుంది. కానీ ఏ ఊరు ముందు, ఏ ఊరు వెనక అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోడ్డు మీద ఎవరు ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో మాత్రం చెప్పగలను. చెప్పబోయేది రాసుకుని సూపరింటెండెంటుగారికి చదివి వినిపించాను. "చివరి వాక్యం ఇంకొంచెం మెత్తగా" అన్నారు. "నాకు మెత్తగా రాదు సార్" అన్నాను. "తెలుసు" అన్నారు. నా పక్కన కూర్చుంటానన్నారు.

నీకు ముందు గదిలో పక్క వేశాను. తువ్వాలు తెచ్చుకో, పోయినసారి నాది పట్టుకుపోయావు.

మంగళవారం మత్తు డాక్టరు రాని రోజు. వార్డులో ఒక తల్లి ఉంది. మొదటి కాన్పు ఆపరేషన్, ఇది రెండోది, పాత కుట్టు దగ్గర అప్పుడప్పుడు నొప్పి అంటోంది, మంగళవారానికి గానీ నెలలు నిండవు. సోమవారం ఇక్కడ ఖాళీ లేదు, డాక్టరు చేతిలో అప్పటికే మూడు ఆపరేషన్లున్నాయి. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి అంబులెన్సుకు చెప్పాను, మీ ఊరికి. ఈసారి కాగితం మీద సూపరింటెండెంటుగారు కూడా సంతకం పెట్టారు. ఆమెను ఎక్కించి, అటునుంచి అటే మున్సిపల్ హాలుకు వస్తాను. విచారణ పదకొండింటికి. నీ పేరు ఆరోది, నాది ఏడోది. నన్ను మొదట అడిగే ప్రశ్న ముందే పంపారు, ఈ నెలలో మీ వార్డులో ఎన్ని కాన్పులు జరిగాయి అని. ఆ తల్లిని కలపకుండా చెబుతాను.

అక్క